లెక్కయు ధర్మమును

ప్రాణములను లెక్కింపవచ్చునా యను ప్రశ్న మనుష్యుని చాలకాలమునుండి బాధించుచున్నది. ధాన్యమును లెక్కింతుము, రూపాయలను లెక్కింతుము, పశువులను లెక్కింతుము. కాని నలువదిమంది మనుష్యులున్న యోడనుగూర్చి, "ఇది పోయినను తక్కిన రెండును నిలుచును గదా" యని యొకడు కాగితముపై వ్రాసినచో మన మనస్సు చివుక్కుమనును. తల్లికి తన బిడ్డ నూఱుమందిలో నొకడు కాడు; ఆ బిడ్డయే నూఱుమంది. ఇట్టి హృదయము లోకమున లేనిచో మనుష్యజాతి నిలువనేరదు. అయినను రాజ్యమేలువాడును, వైద్యశాల నడపువాడును, కఱవునాడు గంజి పోయించువాడును లెక్కింపక తప్పదు. ఉన్న గంజి వేయిమందికి చాలదని తెలిసియు లెక్కింపక మొదట వచ్చినవారికి కడుపునిండ పోసినవాడు దయాళువు కాడు. కడపట నిలిచినవారిని చూడనొల్లక కన్నులు మూసికొన్నవాడు.

మన పెద్దలీ చిక్కును గుర్తింపకపోలేదు. కుటుంబము నిలుచుటకై యొక్కనిని, గ్రామము నిలుచుటకై యొక కుటుంబమును వదలుకొనవచ్చునను నీతి మహాభారతమున నున్నది. ఎవ్వరినైన బలియీయ దలచినప్పుడెల్ల నీ నీతి మనవారి నాలుకకు సులభముగా వచ్చును. కాని దీనిని ఎవ్వరు, ఎవ్వరితో, ఏ సందర్భమున చెప్పిరో మాత్రము మఱచుచుందురు. దుర్యోధనుడు పుట్టినప్పుడు విదురుడు ధృతరాష్ట్రునితో చెప్పిన మాట యిది. శకునములను నమ్మి పసికూనను విడువుమనుట నేటి మన బుద్ధికి సమ్మతము కాదు. ఆ సంగతి యటుండనిండు. ఇక్కడ గమనింపదగిన దొక్కటియే. విదురుడు విడువుమన్నది పొరుగువాని కొడుకును గాదు. వినుచున్న రాజుయొక్క సొంత కొడుకును, చెప్పుచున్న తన సొంత యన్నకొడుకును. ఈ సందర్భమును త్రోసివైచి నీతిని మాత్రము చేతబట్టినచో, అది బలవంతుడు బలహీనుని విడుచుటకు దొరికిన సమ్మతిపత్రముగా మాఱిపోవును.

కావున నా తలంపున లెక్క పాపము కాదు. లెక్క వేయుట తప్పించుకొనుటయు పుణ్యము కాదు. లెక్క వేయువాడు తన్నును తనవారిని అందు చేర్చుకొనెనా, తనకు కానివారిని అందునుండి త్రోసివైచెనా యనుటయే ధర్మాధర్మములను విడదీయు గీటు. మాటలతో తేలని యీ విషయమును ఒక చరిత్రముచే పరీక్షింతము. గడచిన శతాబ్దమున జరిగిన రెండు మహాయుద్ధములలో సరకుల ఓడలను శత్రువు నోటినుండి తప్పించి సముద్రము దాటించుటకై కొందఱు వేసిన గణితమే యా చరిత్రము.

బ్రిటను ద్వీపము. ఆ దేశమునకు వలయు నాహారములో పెద్దభాగమును, చమురు దాదాపుగా నంతయు సముద్రముమీదనే రావలసియుండెను. జర్మనులీ సంగతి నెఱుగుదురు గనుక రెండు యుద్ధములందును జలాంతర్గాములను విడిచి సరకుల ఓడలను ముంచి, ఆ దేశమును ఆకలిచే లొంగదీయ యత్నించిరి. దీనికి ప్రతిక్రియ బిడారు. వెనుకటి వర్తకులు దొంగలభయముగల యడవిదారులలో ఎడ్లబండ్లను గుంపుగూర్చి, కావలివారిని వెంటబెట్టుకొని పోయినట్లుగా, ఓడలను వరుసలు దీర్చి, చుట్టును రక్షకనౌకలను నిలిపి, ఒక్కసారిగా సముద్రము దాటింతురు. ఇంగ్లీషువారు దీనిని కాన్వాయి యందురు.

మొదటి యుద్ధమున బ్రిటిషు నౌకాదళమువా రీ యుపాయమును చాలకాలము అంగీకరింపలేదు. వారి యభ్యంతరములలో నొకటి తప్పులెక్కపై నిలిచినది. వారమునకు 2,500 ఓడలు రేవులు ప్రవేశించుచున్నవనియు, మఱి 2,500 బయలుదేరుచున్నవనియు అప్పుడు ప్రకటనలు వెలువడుచుండెను. ఇన్ని వేల ఓడలకు కావలి యెక్కడనుండి తెత్తుము? ఇన్ని వేలలో కొన్ని మునిగిన నేమి? ఇట్లు సందేహమును ధైర్యమును ఒక్క లెక్కనుండియే పుట్టెను. 1917లో రెజినాల్డు హెండర్సను అను నౌకాధికారి యా లెక్కను విప్పి చూచెను. తీరమువెంట ఒక రేవునుండి మఱియొక రేవునకు తిరుగు చిన్న నౌకలన్నియు అందు కలిసియుండెను. మహాసముద్రము దాటి వచ్చు నోడలు వారమునకు 120 మొదలు 140 వఱకు మాత్రమే! ఆ యేడు ఏప్రిల్ మాసమున లోకమున మునిగిన సరకుల ఓడలు 8½ లక్షల టన్నులకు పైబడెను. బ్రిటను విడిచి మహాసముద్రమునకు పోయిన ప్రతి నాలుగోడలలో నొకటి తిరిగి రాలేదు. వేలలో కొన్నియని తోచినది నిజమునకు నాలుగింట నొకటి. పిదప బిడారులు కట్టిరి. వానిలో నడచిన యోడలలో మునిగినవి నూటికొకటి యైనను లేవు.

ప్రజలకు ధైర్యము గలుగుటకై పెద్దదిచేసి చూపిన లెక్కను చూపినవారే నమ్మి మోసపోయిరి. సంసారములోను రాజ్యములోను ఇట్టిది మనము చూడనిది కాదు. ఊరిలో బడియున్నదని వ్రాసికొని, బడికి వచ్చు పిల్లల నెంచనివాడును, పట్టికలో పేరున్నదని సంతసించి, ఆ పేరుగల బాలిక మాసములతరబడి బడిముఖము చూడలేదని తెలిసికొననివాడును ఈ జాతివారే. లెక్కవిషయమున ధర్మముయొక్క మొదటి మెట్టు సత్యము.

రెండవ యుద్ధకాలమునకు వత్తము. పాట్రిక్ బ్లాకెట్ అనునతడు భౌతికశాస్త్రజ్ఞుడు. 1948లో నోబెల్ బహుమానము పొందినవాడు. బాల్యమున నౌకాదళమున చేరి, 1914లో ఫాక్లండు ద్వీపములయొద్దను, 1916లో జట్లండునొద్దను జరిగిన సముద్రయుద్ధములలో పాల్గొనినవాడగుటచే, ఓడ మునుగుట యన నేమో కన్నులార నెఱుగును. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన దేశపు ప్రభుత్వమునకును శాస్త్ర విషయములందు, రక్షణ విషయములందు సలహా చెప్పినవాడు. ఇతడు 1942 జనవరిలో నౌకాదళ ప్రధాన కార్యాలయమగు అడ్మిరాల్టీలో చేరి, కొందఱు శాస్త్రజ్ఞులతో గూడి యుద్ధకార్యములను గణితముచే పరిశీలించు పనికి పూనుకొనెను.

అప్పటికి నౌకాదళమువారి నమ్మకము చిన్న బిడారులే క్షేమమని. నలువది యోడలు తగిన పరిమితి; అఱువదికి మించరాదు. ఓడలెక్కువయైనకొలది శత్రువునకు గుఱి యెక్కువగును గదా యని వారి యూహ. చూపునకిది సహజముగనే తోచును. కాని బ్లాకెట్టును అతని తోడివారును 1941, 1942 సంవత్సరముల బిడారుల లెక్కలు తీసి, నలువదికి తక్కువైన వానిని ఒక ప్రక్కను, ఎక్కువైన వానిని మఱియొక ప్రక్కను పేర్చి చూచిరి. చిన్న బిడారులలో సగటున 32 ఓడలు. నష్టము నూటికి 2.5. పెద్ద బిడారులలో సగటున 54 ఓడలు. నష్టము నూటికి 1.1 మాత్రమే. గుఱి పెరిగినను నష్టము సగముకన్న తక్కువయ్యెను.

ఇంతమాత్రముచే వారు తృప్తి చెందలేదు. అంకెలు కాకతాళీయముగా నట్లు కుదిరియుండవచ్చును. కావున కారణమును వెదకిరి. మొదటిది: సముద్రము మిక్కిలి విశాలము; అందు నలువది యోడల గుంపు శత్రువు కంటబడుట యెంత సులభమో, ఎనుబది యోడల గుంపు కంటబడుటయు దాదాపుగా నంతియే. ఎనుబదింటిని రెండు గుంపులుగా పంపితిమా, కంటబడు నవకాశము రెట్టింపగును. రెండవది: ఒక జలాంతర్గామి కావలిని తప్పించుకొని లోపల ప్రవేశించుట, రక్షకనౌకల నడుమనున్న యెడముపై నాధారపడును. మూడవది: లోపల ప్రవేశించిన జలాంతర్గామి ముంచు నోడల సంఖ్య అచట నెన్ని యున్నవను దానిపై నాధారపడలేదు. చేపలు వేయి యున్నను పదివేలున్నను ఒక్క గాలముతో పట్టువాడు పట్టునవి కొన్నియే గదా.

ఈ మూటిలో రెండవదానిని గ్రహించుటకు పెద్ద గణితము వలదు. చేనికి కంచె వేయు రైతు నడిగిన చాలును. పొడవును వెడల్పును పదేసి బారలుగల చేనికి నలువది బారల కంచె కావలెను. ఇరువదేసి బారల చేను దానికి నాలుగురెట్లు. కాని కంచె యెనుబది బారలే, అనగా రెండురెట్లే. చేను పెరిగినంతగా చుట్టుకొలత పెరుగదు. బిడారుచుట్టు కావలి మఱికొంత యెడముగా నిలుచును గనుక ఆ పెరుగుదల యింకను స్వల్పము: నలువది యోడల బిడారుకన్న ఎనుబది యోడల బిడారుచుట్టు కొలత ఏడవవంతు మాత్రమే యెక్కువ యని వారు తేల్చిరి. కావున రెండు చిన్న బిడారులకు చెఱిసగముగా పంచిన రక్షకనౌకలను ఒక్క పెద్ద బిడారుచుట్టు నిలిపినచో కంచె దాదాపుగా రెండింతలు చిక్కనగును. ఒక్క కొత్త నౌకను కట్టకయే, ఒక్క తుపాకిని పోతపోయకయే, వందలకొలది ప్రాణములను నిలుపు మార్గము కాగితముపై దొరకినది.

నే నీ చరిత్రమున ముఖ్యముగా చూపదలచినది యిప్పుడు వచ్చుచున్నది. ఇట్టి సలహా తప్పైనచో ఫలము ఘోరము. ఒక్క దెబ్బలో ఎనుబది యోడలు చిక్కుకొనును. సలహా చెప్పువాడు లండనులో నుండును. మునుగువాడు సముద్రములో నుండును. నేను నా గణితమును నిజముగా నమ్ముచున్నానా, లేక గణితమున్నదిగదా యని చెప్పుచున్నానా యని బ్లాకెట్ తన్ను తాను ప్రశ్నించుకొనెను. జలాంతర్గాముల పోరు ముమ్మరముగానున్న వేళ నా పిల్లలను అట్లాంటిక్ దాటింపవలసివచ్చినచో పెద్ద బిడారులో పంపుదునా, చిన్నదానిలోనా యని యోచించెను. పెద్దదానిలోనే యని మనస్సు నిశ్చయముగా చెప్పిన మీదట తన నమ్మకము నిజమైనదని తెలిసికొని, సలహాను ముందునకు నడపెను. ఈ సంగతిని అతడే పిదప వ్రాసియున్నాడు.

పిల్లల మాట యిచ్చట నలంకారము కాదు. 1940 సెప్టెంబరు 17వ తేదీ రాత్రి, మన కాశీనగరము పేరు పెట్టుకొన్న 'సిటీ ఆఫ్ బెనారస్' అను నోడ అట్లాంటిక్ నడుమ మునిగెను. బాంబుల భయమున బ్రిటను విడిచి కెనడాకు పంపబడుచున్న పిల్లలు 90 మంది యందుండిరి. వారిలో 77 మంది చనిపోయిరి. రక్షకనౌక లాదినముననే తమ పరిమితి ముగిసినదని వేఱొక పనిమీద మరలిపోయియుండెను. ఆ పిదప పిల్లలను సముద్రముమీద పంపు నేర్పాటే నిలిపివేయబడెను. కావున తన బిడ్డలను మనస్సులో నోడ యెక్కించిన తండ్రికి తానేమి చేయుచున్నాడో బాగుగా తెలియును. పరుల సుఖదుఃఖములను తన సుఖదుఃఖములతో సరిపోల్చి చూచుటను మన శాస్త్రములు ఆత్మౌపమ్యమనుచున్నవి. ఈ గుణము దయగల యోగికే కాక, అంకెలతో పనిచేయు గణితజ్ఞునకును కావలెననుటకు ఇంతకన్న మంచి నిదర్శనము నాకు దొరకలేదు.

1943 మొదలుకొని బిడారులు పెరిగెను. 1944 వేసవిలో 160కి పైబడిన యోడలు ఒక్క బిడారుగా న్యూయార్కునుండి బయలుదేరి ఒక్కటియు నష్టపడక బ్రిటను చేరెను. అప్పటికి శత్రువు బలము తగ్గియుండుట నిజమే. కాని యీ పరిశోధన మొక సంవత్సరము ముందుగా జరిగియుండినచో ఎన్నో యోడలు దక్కియుండెడివని బ్లాకెట్టే చింతించెను. ప్రాణములను లెక్కించుట క్రూరమని యేవగించుకొనువారు దీనిని మనస్సున నుంచుకొనవలెను. లెక్కింపకపోవుటచేతను ప్రాణములు పోవును. అట్లు పోయినవారికొఱకు ఎవ్వరును నిందింపబడకపోవుటయే భేదము.

అయినను లెక్క సరియైనంతమాత్రమున ధర్మము సంపూర్ణమగునా? కాదు. నూటికి 1.1 అనగా ఆ యొక్కటి యెవ్వరిది? బిడారులో చమురు ఓడలను, మందుగుండు ఓడలను నడుమ నుంతురు. తక్కినవి యంచుల నడచును. లోకహితమునకై ఎవడో యొకడు అంచున నిలువవలెను. మఱియు, టార్పీడో తగిలి ఒక ఓడ మునుగుచుండగా, నీటిలో కొట్టుకొను మనుష్యులకొఱకు ప్రక్కయోడ ఆగరాదు. ఆగిన యోడ మఱియొక గుఱి. లెక్కకు సరిపోవు నియమమే. కాని దానిని పాటించిన నావికుడు జీవితాంతము మఱవలేని కేకలు విని ముందుకు సాగవలసివచ్చెను. ఇచ్చట బ్రిటిషువారు చేసినది మెచ్చదగియున్నది. 1941 జనవరినుండి కొన్ని బిడారుల వెనుక, మునిగినవారి నెత్తుకొనుటయే పనిగా చిన్న యోడల నేర్పఱచిరి. యుద్ధము ముగియులోపల ఇవి నాలుగువేలకు పైగా ప్రాణములను కాపాడెను. ఈ పనిలో కొన్ని తామే మునిగెను. కఠినమైన లెక్కను త్రోసివేయలేనప్పుడు, దాని క్రింద నలిగిపోవువానికొఱకు మఱియొక యేర్పాటు చేయుట లెక్క వేసినవాని ఋణము. నియమము సరియైనదే గదా యని చేతులు కడుగుకొనువాడు ఆ ఋణమును ఎగవేయుచున్నాడు.

అంచున నిలిచినవారిలో మనవారును గలరు. బ్రిటిషు సరకుల ఓడలలో పనిచేసిన నావికులలో ఇంచుమించు నాల్గవవంతు భారతీయులు: సిల్హెట్టు, నవఖాలీ, చిట్టగాంగు, గోవా, రత్నగిరి ప్రాంతములవారు. వీరిని లస్కర్లనెడివారు, కాలువగట్టున కావలిదిరుగు నుద్యోగికి మన జిల్లాలలో వాడు పేరే యిది. వీరిలో ననేకులు ఓడ యడుగున బొగ్గుపొయ్యిలయొద్ద పనిచేసిరి; టార్పీడో తగులుచోటికి మిక్కిలి చేరువ, పైకి వచ్చు మెట్లకు మిక్కిలి దూరము. తెల్ల నావికుని జీతములో స్వల్పభాగమే వీరి జీతము. 'సిటీ ఆఫ్ బెనారస్' ఓడలోను వీరు పెక్కుమంది మరణించిరి. ఎనిమిది దినములు సముద్రముపై కొట్టుకొని బ్రతికిన యొక చిన్న పడవలో ఆఱుగురు బాలురతోపాటు ఉన్నవారిలో నధికసంఖ్యాకులు వీరే. యుద్ధమున మరణించిన భారతీయ నావికులు ఇంచుమించు ఆఱువేలమంది. వారి పేర్లు బొంబాయిలోను చిట్టగాంగులోను ఉన్న స్మారకములకు సంబంధించిన గ్రంథములలో నున్నవి; రాతిపై చెక్కబడలేదు. టన్నుల లెక్కలో వీరు మోసిన సరకు కలదు. వీరి పేర్లను పలికినవారు కొలదిమంది.

ఇక దేనిని లెక్కింపవలెనను ప్రశ్న. 1942లో దూరము పోగల విమానములు బ్రిటనుకు కొన్నియే యుండెను. వానిని జర్మను నగరములపై బాంబులు వేయుటకు పంపుదమా, ఓడలకు కావలిగా పంపుదమా యని వాదము పుట్టెను. బాంబులచే కార్మికుల యిండ్లను కూల్చిన శత్రువు లొంగునని కొందఱు పెద్దలు లెక్కలు చూపిరి. ఆ లెక్క దాదాపు ఆఱురెట్లు పెంచినదని బ్లాకెట్ చూపెను. అతని లెక్క వేఱు. ఐస్లండునుండి ఎగురు ఒక పెద్ద విమానము తన యాయుష్కాలమున కనీసము ఆఱు సరకుల ఓడలను కాపాడును. అదే విమానము బెర్లినుమీదికి పోయినచో కూల్చు నిండ్లు కొన్ని, చంపు స్త్రీపురుషులు, పిల్లలు రెండుడజన్లకు మించరు. ఈ మాటలో పిల్లలు శత్రువు పిల్లలైనను వారిని లెక్కలో పేర్కొనెను. గెలుపునకు సాధనముగా పేర్కొనక, చచ్చిన మనుష్యులుగనే పేర్కొనెను. అతని మాట పూర్తిగా చెల్లలేదు. నగరములపై బాంబులు కురియుచునే యుండెను. గణితము తెలిసినవారు రెండు ప్రక్కలను నుండిరని దీనివలన తెలియుచున్నది. కొలబద్ద యొక్కటియే, దానితో దేనిని కొలుతమను నిర్ణయము గణితములోనిది కాదు, మనస్సులోనిది.

ఈ యోడల లెక్క మనకు దూరమైనది కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను; ఆ కొలది దినములలోనే బంగాళాఖాతమున ఇరువదికి పైగా సరకుల ఓడలు మునిగెను. బర్మా శత్రువు వశమగుటచే అచ్చటి బియ్యము వచ్చుట నిలిచెను. శత్రువునకు చిక్కకూడదని బంగాళపు తీరప్రాంతములలో పదిమందికి పైగా మోయగల పడవలను ప్రభుత్వము స్వాధీనపఱచుకొనెను. ఆ పడవలే పల్లెవారికి బండ్లు, చేపలవలలు, సంతదారి. 1943 జనవరిలో, అట్లాంటిక్ నష్టములచే ఓడలు చాలవని, హిందూమహాసముద్రమునకు వచ్చు నోడలను సగమునకు పైగా తగ్గించిరి. ఆ యేడు బంగాళమున కఱవు వచ్చెను. భారత ప్రభుత్వము అయిదులక్షల టన్నుల ధాన్యము పంపుడని లండనును కోరగా, అందు స్వల్పభాగమే పంప నంగీకరించిరి. కెనడా గోధుమలీయ సిద్ధపడినను ఓడలు లేవనిరి. చచ్చినవారు పదునైదు లక్షలని 1945లో విచారణసంఘము తెలిపెను; ముప్పదిలక్షలని పిదపటి పండితులు కొందఱు తేల్చిరి.

ఓడలు చాలకపోవుటయే యీ కఱవునకు కారణమని నేననుటలేదు. 1942 అక్టోబరునాటి తుపాను, యుద్ధపు ఖర్చులచే పెరిగిన ధరలు, ధాన్యము దాచినవారి లోభము, ప్రాంతీయ ప్రభుత్వములు ధాన్యమును తమ యెల్లలు దాటనీయకపోవుట, ఇవన్నియు కలవు. ఊరిలో బియ్యమున్నను కొనుటకు కూలివానియొద్ద కాసు లేనప్పుడు కఱవు వచ్చునని ఆర్థికశాస్త్రజ్ఞులు చూపియున్నారు. అయినను, వచ్చిన యోడకు ధాన్యముతోపాటు ధైర్యమును తెచ్చు శక్తి కలదు. దాచినవాడు బయటికి తీయును, ధర దిగును. లండనులో నోడల నెటు పంపుదమని లెక్క వేసినప్పుడు, బ్రిటను ప్రజలు తిను రొట్టెకు వలయు గోధుమలు ముందుకాలమునకు నిలువచేయుటయు నొక పద్దుగా నుండెను. మేదినీపురపు కూలివాని నేటి గంజి మాత్రము ఆ పద్దులలో చిట్టచివరనైన నిలువలేకపోయెను. గణితములో కూడికలు తప్పలేదు. కూడవలసినవారిలో కొందఱిని వ్రాయలేదు.

"యుద్ధమున ఓడినచో ఇంతకన్న పెద్ద నష్టము గలుగును, గెలుపే ముఖ్యము గదా" యని యెవ్వరైన ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ బలమైనదే. నాజీలు గెలిచియుండినచో లోకమునకు పట్టు గతి యూహింపరానిది. అట్లాంటిక్‌లో బిడారులు నడచుటవలననే యా గతి తప్పినది. కాని గెలుపుకొఱకు కష్టమును పంచుకొనుట వేఱు, కష్టమును ఒక్కరిమీద మోపుట వేఱు. పంచుకొన్నామని చెప్పుటకు లెక్కపుస్తకము తెఱచి చూపగలుగవలెను. అందు అందఱి పేర్లుండవలెను. ఏ పేరు ప్రక్కన ఎంత భారమున్నదో కనబడవలెను. తన బిడ్డను మనస్సులో నోడ యెక్కించి చూచిన శాస్త్రజ్ఞుడు గెలుపునకు అడ్డు రాలేదు. గెలుపును దగ్గఱ చేసెను. అదే పరీక్షను ధాన్యపు టోడల విషయమున మంత్రులు చేసియుండినచో, ఆకలిగొన్న యా బిడ్డ తమ యింటి బిడ్డయైనట్లు ఒక్క నిమిషము తలంచియుండినచో, యుద్ధము ఓడిపోయెడివారని నేను నమ్మను.

మహాయుద్ధపు మాట మనయింటి కెట్లు వర్తించునని చదువరులడుగవచ్చును. ప్రతి గృహమును ఒక చిన్న బిడారే. రాబడి తక్కువ, ఖర్చు లెక్కువ, దారి భయముగలది. ఎవ్వరిని నడుమ నుంతుము, ఎవ్వరిని అంచున నడపింతుము? కొడుకు చదువునకు రుసుము కట్టుటకై కూతురి చదువు మాన్పించిన యింటిలో, "కుటుంబము మేలుకొఱకు" అను మాట వినబడును. అందఱును తినిన పిమ్మట మిగిలినది తిను నిల్లాలు "నాకు ఆకలి లేద"నును. ఆ మాటను నిజమని వ్రాసికొని ఇంటిలెక్క సరిపెట్టుకొందుము. అది 1917నాటి లెక్కవంటిది. చూచుటకు ధైర్యమిచ్చును, నిజము కాదు. ఆమె పనికి పద్దు లేదు. ఆమె యాకలికి వరుస లేదు. త్యాగము గొప్పదని పొగడుచు దానిని ఎల్లప్పుడు ఒక్కరిచేతనే చేయించుట త్యాగమును గౌరవించుట కాదు.

కావున ఇంటిలోనైనను రాజ్యములోనైనను ఒకరి నష్టముచే మఱియొకరి లాభమును తూచవలసివచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. నేను చూచుచున్న లెక్క నిజమైనదా, నాకు ఊరట నిచ్చునట్టిదా? ఈ నిర్ణయమున నష్టపడు చోట నన్నును నా బిడ్డలను నిలిపి చూచితినా? నేను వ్రాయక విడిచిన పేరేదైన కలదా? మొదటిది హెండర్సను వేసికొన్నది. రెండవది బ్లాకెట్ వేసికొన్నది. విదురుడు ధృతరాష్ట్రునిచే వేయింప యత్నించి విఫలుడైనదియు నదియే. మూడవది 1943లో ఎవ్వరును వేయవలసినంత గట్టిగా వేయలేదు. దానిని వేయు నలవాటు పిల్లలకు బడిలో లెక్కలు నేర్పునప్పుడే నేర్పవలెను. కూడిక చేయుటకు ముందు, కూడవలసినవారందఱును వచ్చిరా యని ఒక్కమారు తలయెత్తి చూడుమని చెప్పవలెను.